గుమాస్తా చదువు: తపాలా సంచి నుండి ఆన్‌లైన్ వరకు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసిందని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, యే రాజుల కథో, శాసనాల సంగతో వ్రాస్తానని వారు తలచివుండవచ్చు. వాటిని వ్రాయగల పండితులు మన సభ్యులలో వేరే వున్నారు. నేను రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్కు దగ్గర చదువు ఆగినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర నావంటివాళ్ల చరిత్ర. అనగా, పగలు పద్దులు వ్రాసి, రాత్రి పుస్తకం ముందు వేసుకొని, కళాశాల గడప తొక్కకుండానే పట్టా పుచ్చుకోవాలని పాటుపడినవాళ్ల చరిత్ర. యిప్పుడు యింట్లోనే కూర్చుని, చేతిలోని ఫోనులో పాఠం విని, బి.కాం., బి.బి.ఎ., ఎం.బి.ఎ. పట్టాలు పొందే రోజులు వచ్చాయి. యిది నిన్న మొన్న పుట్టిన వింత అని చాలామంది అనుకుంటారు. కాని దీనికి నూటయెనభై యేళ్లకు పైబడిన వంశం వున్నది.

ముందు మా వూరి సంగతి రెండు మాటలు. చెన్నై నుండి గూడూరు పోయే మార్గంలో పొన్నేరికీ గుమ్మిడిపూండికీ నడుమ వుంది కవరైపేట్టై. 2024 అక్టోబరు 11 రాత్రి బాగ్మతి ఎక్స్‌ప్రెస్ నిలిచివున్న గూడ్సు బండిని ఢీకొన్నప్పుడు మా స్టేషను పేరు దేశమంతా వినబడింది గాని, అంతకు ముందు బయటివారికి అంతగా తెలియదు. కవరైలు అంటే తమిళదేశంలో స్థిరపడిన తెలుగు బలిజ వర్తకులకు తమిళంలో పేరు. పేట్టై అంటే మన పేటే; అంగళ్లు వెలసిన చోటు. కనుక యీ వూరి పేరులో తెలుగువాడూ వున్నాడు, వ్యాపారమూ వుంది. 1995లో యిక్కడ ఆర్.ఎం.కె. ఇంజనీరింగు కళాశాల వెలసింది. ప్రక్కనే గుమ్మిడిపూండిలో సిప్కాట్ పారిశ్రామికవాడ వుంది. కళాశాలకు పోయే పిల్లలూ, కార్ఖానాకు పోయే కార్మికులూ ఒకే లోకల్ బండిలో వస్తారు. కళాశాలలో చేరగలవాడికి దారి తెలుసు. షిఫ్టు డ్యూటీకి పోయేవాడికి దారి యేది? నేను చెప్పబోయేది ఆ దారి యెలా పడిందనే కథ.

పూర్వం వర్తకుల పిల్లలకు పట్టాలు లేవు. వీధిబడిలో యెక్కాలు, వీసం, పరక, కాని లెక్కలు వల్లెవేసి, ఆ తరువాత యే దుకాణంలోనో వుమేదువారీగా చేరేవారు. జీతం వుండీ లేకుండా రెండు మూడేళ్లు పెద్ద గుమాస్తా ప్రక్కన కూర్చుని చిట్టా వ్రాయటం, చిట్టా నుండి ఆవర్జాకు యెక్కించటం, నెలాఖరుకు నిల్వ తేల్చటం నేర్చుకొనేవారు. వ్యాపారశాస్త్రం ఆనాడు పుస్తకంలో లేదు, గల్లాపెట్టె దగ్గర వుండేది. ఆ విద్యలో గొప్పతనం లేకపోలేదు. కాని ఆ కొట్టు దాటితే దానికి విలువ లేదు. పెద్ద గుమాస్తా మంచివాడని షావుకారు చెప్పాలి. షావుకారు చెప్పిన మాటను యింకొక షావుకారు నమ్మాలి. సర్కారు వుద్యోగాలూ, కంపెనీ వుద్యోగాలూ వచ్చిన తరువాత నోటిమాటకు బదులు కాగితం కావలసివచ్చింది.

కాగితం యిచ్చే సంస్థలు మన ప్రాంతానికి 1857లో వచ్చాయి. ఆ యేడు మద్రాసు విశ్వవిద్యాలయం స్థాపించబడింది. లండను విశ్వవిద్యాలయాన్ని మాదిరిగా తీసుకొని పెట్టినది గనుక మొదటి రోజులలో అది స్వయంగా పాఠం చెప్పేది కాదు. పరీక్షలు పెట్టి పట్టాలు యిచ్చేది. పాఠం చెప్పే పని కళాశాలలది. యిక్కడొక చిత్రం వుంది. మాదిరి అయిన ఆ లండను విశ్వవిద్యాలయం మరుసటి సంవత్సరమే, 1858లో, కళాశాలలో చదవకపోయినా సరే, పరీక్షలో నెగ్గితే పట్టా యిస్తామని తలుపు తెరిచింది. మన దేశంలో అటువంటి తలుపు తెరుచుకోవటానికి నూరేళ్లు దాటింది.

తపాలాలో పాఠం పంపటం అంతకు ముందే మొదలైంది. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీ బిళ్లతో దేశంలో యెక్కడికైనా వుత్తరం పోయే యేర్పాటు జరిగింది. అదే సంవత్సరం ఐజాక్ పిట్మన్ తన సంక్షిప్తలిపి పాఠాలను కార్డులపై వ్రాసి శిష్యులకు పంపి, వారు వ్రాసి పంపినవాటిని దిద్ది తిరిగి పంపటం ఆరంభించాడు. మనకు 1854లో అర్ధణా బిళ్ల వచ్చింది. 1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డుకు దక్షిణదేశపు మొదటి రైలు నడిచింది. ఆ దారి మన తిరువళ్లూరు మీదుగానే పోతుంది. బిళ్లా వచ్చింది, బండీ వచ్చింది. పాఠం మాత్రం యెక్కలేదు.

ఆ నడుమ కాలంలో గుమాస్తాలు వూరుకున్నారా అంటే, లేదు. పట్టా దొరకనిచోట వారు సర్టిఫికెట్లు వెదుక్కున్నారు. టైపు, షార్టుహాండు లోయరు, హయ్యరు పరీక్షలకు కట్టినవాళ్లు మన పెద్దలలో యెందరో. సాయంకాలం ఆరు దాటాక టైపు ఇన్‌స్టిట్యూట్ల టకటకలు వినబడని వీధి మద్రాసులో వుండేది కాదంటారు. పిట్మన్ పేరు యింగ్లండు ప్రధానులకంటె మన గుమాస్తాల యిళ్లలోనే యెక్కువగా వినబడివుంటుంది. 1913లో బొంబాయిలో సిడెన్‌హాం కళాశాల వచ్చి వాణిజ్యశాస్త్రానికి ఒక పీట వేసింది. బ్యాంకి గుమాస్తాల కొఱకు 1928లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ యేర్పడి, వుద్యోగం చేస్తూనే స్వయంగా చదువుకొని వ్రాసే పరీక్షలు పెట్టింది. వాటిలో నెగ్గినవాడికి బ్యాంకిలో హోదా పెరిగేది. నా దృష్టిలో, వుద్యోగి వుద్యోగం మానకుండా వ్యాపారవిద్య నేర్చి పైకి రావచ్చునని మన దేశంలో గట్టిగా రుజువైనది ఆ పరీక్షలతోనే. అయితే అది వృత్తి సర్టిఫికెట్టు. బి.ఏ. ప్రక్కన దాన్ని పెడితే పెళ్లిచూపులలో బి.ఏ.కే మర్యాద.

కళాశాలల లోపల మాత్రం వ్యాపారవిద్య పెరుగుతూనే వచ్చింది. 1957లో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎం.బి.ఎ. చదువు ప్రారంభించింది. దేశంలో మొట్టమొదటి పూర్తికాలపు ఎం.బి.ఎ. తమదేనని ఆ శాఖవారు చెప్పుకుంటారు. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో కేంద్ర మేనేజిమెంటు సంస్థలు వెలశాయి. పూర్తికాలం అన్న మాటలోనే వుంది చిక్కంతా. నెల జీతం మీద ఆధారపడిన యిల్లు రెండేళ్లు పూర్తికాలం యెవరికి యివ్వగలదు?

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం తపాలా పాఠాల విభాగాన్ని తెరిచింది. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘానికి అప్పటి అధ్యక్షులు డాక్టర్ డి.ఎస్. కోఠారిగారి నాయకత్వాన కూర్చిన సంఘం చేసిన సిఫారసు దానికి మూలం. మొదట బి.ఏ. మాత్రమే. ఆ సంవత్సరమే మే నెలలో రాష్ట్రపతి అయినవారు మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణి అంతకు రెండేళ్ల క్రిందట, 1960 ఏప్రిల్ 1న, చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆ మార్పు సంగతి యిక్కడ వూరకే చెప్పలేదు. సరిహద్దు మారితే చదువు యేమవుతుందనేది ముందు ముందు వస్తుంది.

ఆ తరువాత 1964-66 నాటి విద్యా కమిషను, దానికీ కోఠారిగారే అధ్యక్షులు, 1986 నాటికి ఉన్నతవిద్య చదివేవారిలో మూడవవంతు మందికి తపాలా పాఠాల ద్వారా, సాయంకాలపు కళాశాలల ద్వారా చదువు చెప్పవచ్చునని వ్రాసింది. విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటిగా కదిలాయి. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1977లో ఉస్మానియా, 1981లో మద్రాసు విశ్వవిద్యాలయం తపాలా విభాగాలు తెరిచాయి. బ్యాంకి గుమాస్తాలు, టీచర్లు, తపాలావారు, మా రైల్వేవారు, యిల్లు కదలలేని స్త్రీలు వీటిలో చేరారు. నెల నెలా దళసరి కవరులో పాఠాల కట్ట వచ్చేది. చివర ప్రశ్నలు. జవాబులు వ్రాసి పంపితే, యెవరో ముఖం తెలియని ఉపాధ్యాయుడు యెఱ్ఱ సిరాతో రెండు మాటలు వ్రాసి తిప్పి పంపేవాడు. ఒక్కొక్కసారి పరీక్ష అయిపోయాక పాఠం చేరేది. అయినా ఆ తరంవాళ్లు వాటిని యెంత భద్రంగా దాచుకున్నారో! మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన, బీరువాలో యింటి దస్తావేజులతోబాటు తన బి.కాం. పాఠాల కట్టలు కూడా వుంచుకున్నారు. దస్తావేజులు పిల్లల కోసమూ, కట్టలు తన కోసమూనట.

యీ కథలో మన తెలుగువాళ్లు తల యెత్తుకొని చెప్పదగిన ఘట్టం 1982లో వచ్చింది. తపాలా విభాగాలన్నీ మామూలు విశ్వవిద్యాలయాలకు తోకలుగా వుండేవి. దూరవిద్యే పనిగా పెట్టుకొన్న విశ్వవిద్యాలయం ఇంగ్లండులో 1969లో స్థాపించబడి, 1971లో పాఠాలు మొదలుపెట్టింది. అటువంటిది మన దేశంలో మొదట పుట్టింది మన భాషలోనే. 1982 ఆగస్టులో, భవనం వెంకటరామిరెడ్డిగారు ముఖ్యమంత్రిగా వున్న కొద్ది నెలలలో, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం యేర్పడింది. మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డిగారు. కరీంనగర్ జిల్లాలో పుట్టినవారు. పంచాయతీ పాలన మీద పరిశోధించిన రాజనీతి పండితులు. అంతకు ముందు ఉస్మానియాకు ఉపాధ్యక్షులు. 1991లో ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

అక్కడ జరిగిన మార్పు చిన్నది కాదు. పద్ధెనిమిదేళ్లు నిండి, ఒక అర్హత పరీక్షలో నెగ్గితే, ఇంటర్మీడియటు లేకపోయినా, అసలు బడి చదువే పూర్తికాకపోయినా, బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి.లలో చేరవచ్చునన్నారు. గల్లాపెట్టె దగ్గర పెరిగినవాణ్ణి ‘నీవు యెక్కడ చదివావు’ అని అడగక, ‘నీకు యేమి వచ్చు’ అని అడిగిన మొదటి విశ్వవిద్యాలయం అది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం నుండి పాఠాలు వచ్చేవి. సెలవు రోజులలో వూరి కళాశాలలే అధ్యయన కేంద్రాలయ్యేవి. లారీ ఆఫీసు గుమాస్తాలు, హోంగార్డులు, బీడీలు చుట్టే యిల్లాండ్రు అంతా ఒకే బెంచీ మీద కూర్చొని ఆచార్యుల చేత పాఠం చెప్పించుకోవటానికి వీలు కలిగింది.

పాఠాలు తెలుగులో వ్రాయించారు. అంతకు ముందు 1968లో స్థాపించబడిన తెలుగు అకాడమీ వాణిజ్యశాస్త్రానికి మాటలు కూర్చిపెట్టే పని మొదలుపెట్టింది. అప్పుడొక మంచి పని జరిగింది. కొత్త మాటలు సంస్కృతం నుండి దించుకొనే బదులు, చాలాచోట్ల పాత కొట్టు మాటలనే పుస్తకంలోకి తీసుకున్నారు. జర్నలు చిట్టా అయింది, లెడ్జరు ఆవర్జా అయింది, ట్రయల్ బ్యాలెన్సు అంకణా అయింది. తాత దుకాణంలో విన్న మాట మనుమడి డిగ్రీ పుస్తకంలో అచ్చయింది. ఆ పుస్తకాల విలువ పట్టాతో ఆగలేదు. సర్కారు పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్లు, ఆ విశ్వవిద్యాలయంతో యే సంబంధమూ లేనివాళ్లు కూడా, యిప్పటికీ వాటిని కొని చదువుతారు. మన పిల్లలకు యీ మాటలు కొత్తగా తోస్తాయి. యింట్లో తెలుగు, 2006 చట్టం తరువాత బడిలో తప్పనిసరిగా తమిళం, పట్టా ఆంగ్లంలో. వాళ్ల తప్పేమీ లేదు. తమిళం రావలసిందే, అది యీ నేల భాష. ఆవర్జా అన్న మాట కూడా తెలిస్తే బాగుంటుందని మాత్రం నా ఆశ.

1985లో పార్లమెంటు చట్టంతో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం యేర్పడినప్పుడు దానికి మొదటి ఉపాధ్యక్షులుగా పిలిపించినది కూడా రాంరెడ్డిగారినే. 1987లో అది ఆరంభించిన చదువులు రెండే రెండు: ఒకటి దూరవిద్యలో డిప్లొమా, రెండవది మేనేజిమెంటులో డిప్లొమా. రెంటికీ కలిపి చేరినవారు 4,528 మంది. గమనించండి, దేశమంతటికీ తెరిచిన సార్వత్రిక విశ్వవిద్యాలయం తన మొదటి విద్యార్థుల ముందు పెట్టినవాటిలో ఒకటి వ్యాపార నిర్వహణే. వుద్యోగంలో వున్నవాడు మొదట అడిగేది అదేనని వారు సరిగా పోల్చుకున్నారు. రాంరెడ్డిగారు తరువాత విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘానికే అధ్యక్షులై, 1995లో లండనులో మరణించారు. ఉస్మానియావారి దూరవిద్యా కేంద్రానికి వారి పేరే పెట్టారు. మన వూళ్లలో సినిమావాళ్ల విగ్రహాలకు కొదవలేదు. కోట్లాది గుమాస్తాలకు కళాశాల తలుపు తీసిన యీ మనిషి బొమ్మ యెంతమంది చూచారో!

తపాలా తరువాత పాఠానికి వాహనం ఆకాశం అయింది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు చూపారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఆ తరువాతది మా కళ్లముందే జరిగింది. మా లైనులో యింకా ఉత్తరానికి పోతే సూళ్లూరుపేట. అక్కడికి దగ్గరలోనే శ్రీహరికోట. రాకెట్టు లేచిన రోజున మా డాబాల మీదికి పిల్లలూ పెద్దలూ యెక్కుతారు. 2004 సెప్టెంబరు 20న అక్కడినుండి లేచినది ఎడ్యుశాట్. చదువు కొఱకే ప్రత్యేకించిన ఉపగ్రహం. 2010 వరకు అది పనిచేసింది. అర్ధణా బిళ్ల మీద ప్రయాణం మొదలుపెట్టవలసిన పాఠం చివరకు మా వూరి నెత్తి మీదుగా ఆకాశానికి యెక్కిందన్నమాట.

యింతవరకు చెప్పినది పాఠం ప్రయాణం. యిక చెప్పవలసినది ముద్ర సంగతి. దూరవిద్య చరిత్ర చదివినకొద్దీ నాకు తోచేది యిది: పాఠం యెప్పుడూ ముందు వస్తుంది, ముద్ర వెనుక వస్తుంది, కొన్నిసార్లు వచ్చిన ముద్ర వెనక్కు పోతుంది. 2009 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అణ్ణామలై విశ్వవిద్యాలయం కేసులో, మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిన నేరుగా తీసుకున్న ఎం.ఏ. చెల్లదని తీర్పు చెప్పింది. ఆ సంవత్సరం ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు వెలువరించింది. పదవ తరగతి, పన్నెండవ తరగతి వరుసగా నెగ్గి, ఆ తరువాత పొందిన డిగ్రీకే ప్రభుత్వోద్యోగాలలో గుర్తింపు. అనగా 1982లో హైదరాబాదులో తెరిచిన తలుపును మన రాష్ట్రంలో సగం మూశారు. బడి లేకుండా నేరుగా డిగ్రీ తీసుకున్నవాడి పట్టా గోడకు అందమే గాని, దరఖాస్తుకు పనికిరాలేదు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు మరొక కేసులో, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా తపాలాలో యిచ్చిన ఇంజనీరింగు పట్టాలను రద్దు చేసింది. యంత్రం చూడకుండా ఇంజనీరు కారాదనటం న్యాయమే. కాని ఫీజు కట్టి, నిద్ర మాని చదివినవాడికి ఆ అనుమతి సంగతి యెవరు చెప్పారు?

నాకు తెలిసిన ఒక మిత్రుడు యేడాదిలో బి.బి.ఎ. అని చెప్పిన ఒక సంస్థకు రెండు నెలల జీతం కట్టాడు. పట్టా నిజంగానే వచ్చింది. బంగారు అంచుతో వచ్చింది. ప్రమోషను సమయానికి చూస్తే ఆ విశ్వవిద్యాలయం యే జాబితాలోనూ లేదు. సంస్థ పేరు వ్రాయను. ఆ బోర్డు యిప్పుడు అక్కడ లేదు కూడా. ధనసహాయ సంఘంవారు బూటకపు విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తూనే వుంటారు. మూడేళ్ల డిగ్రీని యేడాదిలో యిస్తామనేవాడి దగ్గరకు పోవటానికి ముందు ఆ జాబితా చూడటం ఖర్చులేని పని.

యింకొక చిక్కు సరిహద్దుది. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన దూరవిద్యను తన రాష్ట్రం దాటించరాదని ధనసహాయ సంఘం 2013లో ఖండితంగా ప్రకటించింది. అంతకు ముందు వీధి వీధికీ యెక్కడెక్కడి విశ్వవిద్యాలయాల బోర్డులో వేలాడుతుండేవి గనుక అది అవసరమే కావచ్చు. కాని మన సంగతి చూడండి. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో వున్నంతకాలం ఒక లెక్క. 1960 తరువాత మరొక లెక్క. తెలుగులో బి.కాం. పాఠాలు వ్రాయించిన విశ్వవిద్యాలయానికి ఆరంబాక్కం అవతల తడ వరకే రాకపోకలు వుండేవి. మన యింటి నుండి ఆ సరిహద్దుకు లోకల్ బండిలో అరగంట ప్రయాణం కూడా లేదు.

ఆన్‌లైన్ చదువు యీ చిక్కును విప్పింది. 2018లో ధనసహాయ సంఘం మొదటిసారి పూర్తిగా ఆన్‌లైన్‌లో డిగ్రీ యివ్వటానికి నియమాలు చేసింది. 2020 సెప్టెంబరులో, కరోనా నడుమ, దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ కలిపి కొత్త నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం అనుమతి పొందిన విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ చదువుకు రాష్ట్రపు పొలిమేర అడ్డురాదు. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం వంటివి యీ పద్ధతిలో చెప్పరాదు. వాణిజ్యం, వ్యాపార నిర్వహణ చెప్పవచ్చు. అనుమతి పొందిన సంస్థ యిచ్చిన ఆన్‌లైన్ పట్టా, దూరవిద్య పట్టా మామూలు కళాశాల పట్టాతో సమానమని 2022లో సంఘంవారు మళ్లీ స్పష్టం చేశారు. అంతకు ముందే, 2017 జూలై 9న, ‘స్వయం’ అనే పేరుతో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల వేదికను ఆరంభించింది. అందులో మేనేజిమెంటు పాఠాల బాధ్యత బెంగుళూరు ఐ.ఐ.ఎం. వారిది. అక్కడ వుచితంగా విని చూచి, తన తలకు యెక్కుతుందో లేదో తేల్చుకొని, ఆ తరువాత యెక్కడైనా ఫీజు కట్టవచ్చు.

గుమాస్తాను గనుక కాస్త లెక్క వేశాను. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. దూరవిద్య లెక్కలో ఒక క్రెడిటుకు 30 గంటల చదువు. మొత్తం 3,600 గంటలు. యేడాదికి 1,200. ఆదివారం, పండుగ అని విడువకుండా లెక్కించినా రోజుకు మూడు గంటల పదిహేడు నిమిషాలు. మా వూరి నుండి మూర్ మార్కెటు స్టేషనుకు లోకల్ బండిలో రానుపోను సుమారు రెండున్నర గంటలు. అంటే బండిలోనే మూడు వంతుల చదువు సాగుతుంది, కూర్చోవటానికి చోటు దొరికితే. మీంజూరు దాటాక చోటు సంగతి యెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. అయినా నిలుచునే చెవిలో పాఠం పెట్టుకొని వినేవాళ్లను రోజూ చూస్తున్నాను. వాళ్లలో సినిమా చూచేవాళ్లెవరో, అంకణా నేర్చుకొనేవాళ్లెవరో ముఖం చూచి చెప్పవచ్చు.

పాఠం వచ్చింది, ముద్ర వచ్చింది. అయినా చేరినవాళ్లందరూ పూర్తిచేయటం లేదు. ఎందుకని కొందరిని అడిగాను. పాఠం కష్టమని ఒకరిద్దరే అన్నారు. తక్కినవాళ్లు చెప్పినది ఒంటరితనం. సందేహం వస్తే అడగటానికి మనిషి లేడు. ఒక వారం మానితే, యేమయ్యావురా అని అడిగేవాడూ లేడు. 1982లో రాంరెడ్డిగారి యేర్పాటులో బెంచీలు, సెలవు రోజుల కూటములు వూరకే పెట్టలేదు. ఆన్‌లైన్‌లో పరీక్ష కూడా మన గదిలోనే, కెమెరా కన్ను ముందు ఒంటరిగా. ఆ లోటు విశ్వవిద్యాలయం తీర్చలేదు, వూరు తీర్చాలి.

అందుకే కార్యదర్శిగారికి వ్యాసంతోబాటు ఒక అర్జీ కూడా యిస్తున్నాను. మన సంఘం హాలు ఉగాదికీ, సంక్రాంతికీ, పెళ్లిళ్లకూ తప్ప తక్కిన ఆదివారాలు ఖాళీగానే వుంటుంది. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు చదువుకొనేవాళ్లకు విడిచిపెట్టాలి. కావలసినది ఒక వైఫై, నాలుగు బల్లలు, ఒక నల్లబల్ల. మన సభ్యులలో రిటైరైన బ్యాంకివారు వున్నారు, ఆడిటరుగారి దగ్గర పనిచేసేవారు వున్నారు. నెలకొక ఆదివారం ఒకరు వచ్చి చిట్టా నుండి ఆవర్జాకు యెక్కించటం తెలుగులో చెబితే చాలు. తక్కినది పిల్లలు ఫోనులో చూచుకుంటారు.

యిప్పటికే ఆరుగురం పేర్లు వ్రాసుకున్నాం. యిద్దరు సిప్కాట్ కార్ఖానా పిల్లలు, ఒక మందుల కొట్టు అబ్బాయి, అంగన్‌వాడీలో పనిచేసే ఒక అక్కయ్య, మా స్టేషనులో మరొక మిత్రుడు, ఆరవవాణ్ణి నేను. నాకు ముందు పన్నెండవ తరగతి కావాలి గనుక జాతీయ సార్వత్రిక విద్యాలయం పరీక్షకు కట్టాను. తక్కిన అయిదుగురికీ ఆ అర్హత వుంది. ఆన్‌లైన్ చదువులకు సంవత్సరంలో రెండు ప్రవేశాలు, ఒకటి సంవత్సరం మొదట్లో, రెండవది జూలై, ఆగస్టులలో. రెండవదానికి చేరదలచినవాళ్లు పది, పన్నెండు తరగతుల మార్కుల పత్రాలు, ఆధారు, ఒక ఫోటో తీసుకొని ఉగాది తరువాతి ఆదివారం ఉదయం తొమ్మిదికి హాలుకు రావలసిందిగా కోరుతున్నాను. విశ్వవిద్యాలయానికి అనుమతి వుందో లేదో ధనసహాయ సంఘం జాబితాలో అందరం కలిసి చూచి, ఆ తరువాతే ఫీజు కడదాం.